ఉయ్యాల్లోనే తెలుస్తుందా... ఉబ్బసం?

ముక్కు నాన్నది. కళ్లు అమ్మవి. నుదురు అచ్చు తాతయ్యదే! బిడ్డ పుట్టగానే చుట్టూ చేరినవాళ్లంతా పోలికలు వెతికేస్తారు. మరి, నానమ్మ ఆయాసం? నాన్నకు పొద్దున లేవగానే వరసపెట్టి వచ్చే తుమ్ములు? అవీ వారసత్వంగా వచ్చేశాయా? ఆ సంగతి పుట్టినరోజే తేల్చి చెప్పేస్తే ఎంత బాగుండు! దాదాపు యాభై ఏళ్లుగా శాస్త్రవేత్తలు చేస్తున్న ప్రయత్నమూ అదే. బొడ్డుతాడు రక్తం, పసికందు ఊపిరి, ఆఖరికి ఉయ్యాలగుడ్డ మీది మరక... దేన్నీ వదలకుండా వెతుకుతున్నారు. ఇంతకీ ఆ వెతుకులాటలో తేలిందేమిటి?

మృగశిర కార్తె రోజున హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం చూస్తే చాలు, ఉబ్బసం మనల్ని ఎంత భయపెడుతోందో అర్థమైపోతుంది. బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం కోసం వేలాదిమంది బారులు తీరతారు. పొరుగు రాష్ట్రాల నుంచీ వస్తారు. ఆ వరసల్లో చంటిపిల్లల్ని ఎత్తుకున్న అమ్మానాన్నలూ ఉంటారు. ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయమైన రుజువులు లేవని వైద్యులు చెబుతున్నా ఆగరు. బిడ్డ ఊపిరందక డొక్కలెగరేస్తుంటే కన్నవాళ్లు ఏ దారినీ వదులుకోలేరు మరి.

2019 నాటి అంచనాల ప్రకారం మనదేశంలో ఉబ్బసం బాధితులు సుమారు 3.4 కోట్ల మంది. ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మనవాటా 13 శాతమే. ఆ జబ్బుతో చనిపోయేవారిలో మాత్రం నూటికి నలభైమందికి పైగా మనవాళ్లే! ఆలస్యంగా గుర్తించడం, రోజూ వాడాల్సిన ఇన్‌హేలర్‌ని ‘అలవాటైపోతుంది’ అన్న భయంతో పక్కన పెట్టేయడం... ఇవే ముఖ్య కారణాలు. ఉబ్బసం ఒకసారి వస్తే మందులతో అదుపులో ఉంటుంది కానీ, పూర్తిగా పోతుందని చెప్పలేం. అందుకే, అది రాకముందే ఎవరికి వస్తుందో కనిపెట్టాలన్న ఆరాటం.

వంశవృక్షమే తొలి పరీక్ష

‘అలర్జీ’ అన్న మాటకు వయసు నూట ఇరవై ఏళ్లే. వియన్నాకి చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే 1906లో ఆ పేరు పెట్టాడు. అంతకు ముందూ ఆయాసాలు, దద్దుర్లు ఉన్నాయి. అవి కొన్ని కుటుంబాలను పట్టుకుని వదలవన్న సంగతీ పెద్దవాళ్లకు తెలుసు. తర్వాత శాస్త్రవేత్తలు దానికి లెక్కలు కట్టారు.

అమ్మానాన్నల్లో ఎవరికీ అలర్జీలు లేకపోతే బిడ్డకు వచ్చే అవకాశం సుమారు 10 నుంచి 15 శాతం. ఒకరికి ఉంటే 20 నుంచి 40 శాతం. ఇద్దరికీ ఉంటే యాభై శాతం దాటవచ్చు. ఇద్దరిదీ ఒకేరకం అలర్జీ అయితే ఇంకా ఎక్కువ. అధ్యయనాన్ని బట్టి అంకెలు కాస్త అటూఇటూ మారినా వరస మాత్రం మారలేదు.

ఇక్కడే ఓ మెలిక ఉంది. ఎవరికీ అలర్జీల్లేని దంపతుల బిడ్డకు ముప్పు తక్కువే. కానీ అలాంటి కుటుంబాలే ఎక్కువ కదా! దాంతో అలర్జీలొచ్చే పిల్లల్లో చాలామంది ‘మా వంశంలో ఎవరికీ లేదండీ’ అనే ఇళ్లలోనే పుడుతున్నారు. వంశవృక్షం చూసి ఊరుకుంటే వాళ్లందరూ లెక్కలోకి రారు. మరి రక్తంలో ఏమైనా దొరుకుతుందా?

బొడ్డుతాడు చెప్పిన జోస్యం

1960ల్లో ఓ కీలకమైన ఆవిష్కరణ జరిగింది. అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు కిమిషిగె ఇషిజాకా, తెరుకో ఇషిజాకా ఒకవైపు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ మరోవైపు అలర్జీకి మూలమైన ప్రతిరక్షకాన్ని పట్టుకున్నారు. అదే ఐజీఈ. ఒంట్లో చొరబడిన శత్రువుల మీద దాడిచేయాల్సిన రక్షణ వ్యవస్థ పుప్పొడినో పాలనో చూసి శత్రువని పొరబడి గొడవ చేయడమే అలర్జీ. ఆ గొడవకి గంట కొట్టేది ఐజీఈ.

తల్లి రక్తంలోని ఐజీఈ మాయను దాటి బిడ్డలోకి వెళ్లదు. కాబట్టి బొడ్డుతాడు రక్తంలో అది కనిపిస్తే బిడ్డ సొంతంగా తయారుచేసుకున్నదే అయ్యుండాలి. అంటే... కడుపులో ఉండగానే అలర్జీకి పునాది పడిందన్నమాట! ఈ ఆలోచనతోనే స్వీడన్‌లో 1,701 మంది నవజాత శిశువులకు పరీక్షలు చేసి, తర్వాత వాళ్లకు ఏ జబ్బులొచ్చాయో గమనించారు. 1982లో వెలువడిన ఫలితాలు ఆశలు రేపాయి. ఐజీఈ ఎక్కువున్న పిల్లలకు అలర్జీలు ఎక్కువగా వచ్చాయి. ఇంకేం, పుట్టిన ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష చేసేస్తే సరి అనుకున్నారు.

తర్వాత ఎన్నో దేశాల్లో అదే పరీక్ష చేసి చూస్తే సంబరం చల్లారింది. ఐజీఈ ఎక్కువగా ఉన్నవారికి ముప్పు ఎక్కువన్నది నిజమే. కానీ అలర్జీలొచ్చిన పిల్లల్లో అత్యధికులకు పుట్టినప్పుడు అది మామూలుగానే ఉంది! వల వేశారు కానీ, కన్నాలు మరీ పెద్దవి.

ఓ చిన్న ఊహాలెక్క వేసి చూద్దాం. వెయ్యిమంది పిల్లలు పుట్టారు. వాళ్లలో రెండొందలమందికి ముందుముందు అలర్జీ వస్తుంది. మన పరీక్ష నలుగురిలో ఒకర్ని పట్టుకుంటుంది. ఆరోగ్యంగా ఉండబోయే పదిమందిలో ఒకరిని పొరపాటున ‘ముప్పు ఉంది’ అంటుంది. అప్పుడు రెండొందలమందిలో పట్టుబడేది యాభైమందే. తప్పిపోయేది నూటయాభైమంది. మిగతా ఎనిమిది వందల్లో ఎనభైమంది తల్లిదండ్రులకు ఉత్తపుణ్యానికి నిద్ర కరవు. చేతిలో కాగితం పట్టుకుని కంగారుపడే నూటముప్పైమందిలో నిజంగా భయపడాల్సింది యాభైమందేనన్నమాట. పుట్టిన బిడ్డలందరికీ చేసే పరీక్షగా బొడ్డుతాడు ఐజీఈ నిలబడకపోవడానికి ఇదే కారణం. ఒంటిమీద ఏ లక్షణమూ లేని పసికందుకి పదుల కొద్దీ పదార్థాలతో ‘అలర్జీ ప్యానెల్’ రక్తపరీక్షలు చేయించడాన్ని ఇవాళ కూడా నిపుణులు వద్దనే అంటున్నారు.

ఊపిరిని కొలిచారు!

రక్తం చెప్పకపోతే ఊపిరితిత్తులు చెబుతాయేమో? నార్వే రాజధాని ఓస్లోలో ఆ పనే చేశారు. పుట్టిన కొద్దిరోజులకే వందలమంది పిల్లలు గాలి ఎలా పీల్చి వదులుతున్నారో కొలిచారు. పదేళ్లు ఆగి మళ్లీ వాళ్లలో చాలామందిని వెతికి పట్టుకున్నారు. 2006లో లెక్క తేల్చారు. పుట్టినప్పుడు ఊపిరి సామర్థ్యం తక్కువగా ఉన్న సగంమందిలో 24 శాతానికి పదేళ్లలోపు ఉబ్బసం వచ్చింది. రెండో సగంలో అది 16 శాతం. తేడా ఉంది... కానీ ఫలానా బిడ్డకు వస్తుందని వేలుపెట్టి చూపించేంత తేడా కాదు.

డెన్మార్క్‌లో హాన్స్ బిస్గార్డ్ బృందం మరో అడుగు ముందుకేసింది. ఉబ్బసం ఉన్న తల్లులకు పుట్టిన 411 మంది పిల్లల్ని ఎంచుకుంది. నెల వయసులోనే వాళ్ల శ్వాసనాళాల్ని పరీక్షించింది. ఏడేళ్లకు ఉబ్బసం వచ్చిన పిల్లల్లో కనిపించే శ్వాస లోపంలో సుమారు 40 శాతం పుట్టుకతోనే ఉందని, మిగతా 60 శాతం పెరుగుతున్నకొద్దీ వచ్చి చేరిందని 2012లో ప్రకటించింది. ఉబ్బసం చరిత్రలో చాలా విలువైన అంకె ఇది. ఎందుకంటే... సగానికి పైగా కథ బిడ్డ పుట్టాకే మొదలవుతోంది. అంటే, మన చేతుల్లో ఉన్నది తక్కువేం కాదు.

జన్యువుల మాటేమిటి?

2007లో పదిహేడో క్రోమోజోమ్ మీద ఓ భాగాన్ని శాస్త్రవేత్తలు గుర్తించారు. చిన్నప్పుడే మొదలయ్యే ఉబ్బసానికీ దానికీ గట్టి సంబంధం ఉంది. అయితే మరుసటేడాది ఇంకో సంగతి తెలిసింది. ఆ జన్యు తేడా ఉన్న పిల్లలు ఇంట్లో సిగరెట్ పొగ పీలుస్తూ పెరిగితే ముప్పు మరింత పెరుగుతోంది. జన్యువు తుపాకీలో తూటా అనుకుంటే, ట్రిగ్గర్ నొక్కింది నాన్నగారి సిగరెట్టు!

2006లో స్కాట్లాండ్‌లోని డండీ శాస్త్రవేత్తలు కనిపెట్టిన ‘ఫిలాగ్రిన్’ కథ ఇంకా ఆసక్తికరం. చర్మాన్ని గోడలా గట్టిగా ఉంచే ప్రొటీన్ ఇది. దాన్ని తయారుచేసే జన్యువులో లోపముంటే చర్మం పొడిబారి పగుళ్లిస్తుంది. ఎగ్జిమా వస్తుంది. ఆ పగుళ్లలోంచి ఇంట్లోని దుమ్ము, ఆహారపు రేణువులు లోపలికి వెళ్లి రక్షణ వ్యవస్థని రెచ్చగొడతాయి. అందుకే చాలామంది పిల్లల్లో అలర్జీలు ఓ వరసలో వస్తాయి. మొదట బుగ్గల మీద, మోచేతి మడతల్లో ఎగ్జిమా. తర్వాత గుడ్డో పాలో పడకపోవడం. ఆపైన పిల్లికూతలు. బడికెళ్లే వయసుకు తుమ్ములు, ముక్కు దిబ్బడ. వైద్యులు దీన్ని ‘అలర్జీల కవాతు’ అంటారు. కవాతులో మొదటి అడుగు కనిపెడితే తర్వాతివాటికి సిద్ధంగా ఉండొచ్చు.

చంటోడి పొట్టలో సైన్యం

1989లో డేవిడ్ స్ట్రాచన్ అనే బ్రిటిష్ వైద్య పరిశోధకుడు పదిహేడు వేలమందికి పైగా పిల్లల వివరాలు చూస్తూ ఓ వింత గమనించాడు. ఇంట్లో అన్నలూ అక్కలూ ఎక్కువమంది ఉన్న పిల్లలకు పుప్పొడి అలర్జీ తక్కువ! ఒకరి జలుబు ఒకరికి అంటుకుంటూ పెరగడమే వాళ్లకు మేలుచేస్తోందేమో అన్నాడు. తర్వాత జర్మనీ రెండు ముక్కలూ కలిశాక మరో ఆశ్చర్యం. ఫ్యాక్టరీల పొగతో నిండిన తూర్పు జర్మనీ లైప్‌జిగ్ పిల్లలకంటే, శుభ్రంగా ఉండే మ్యూనిక్ పిల్లలకే అలర్జీలు ఎక్కువ.

అమెరికాలోని ఆమిష్, హటరైట్ సముదాయాల కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఇద్దరిదీ యూరప్ మూలమే. తిండి, అలవాట్లు దాదాపు ఒకటే. ఆమిష్ వాళ్లు గుర్రాలతో దున్నుతారు, పిల్లలు చిన్నప్పటి నుంచే కొట్టాల్లో తిరుగుతారు. హటరైట్లవి యంత్రాలతో నడిచే పెద్ద పొలాలు, పిల్లలు పశువులకు దూరం. ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం 5 శాతమైతే హటరైట్ పిల్లల్లో 21 శాతం! ఆమిష్ ఇళ్ల దుమ్ములో బ్యాక్టీరియా ఆనవాళ్లు ఏడు రెట్ల దాకా ఎక్కువున్నాయని 2016లో తేలింది.

ఈ ఆధారాలతోనే కెనడా శాస్త్రవేత్తలు పసిపిల్లల విరేచనాల మీద దృష్టి పెట్టారు. బ్రెట్ ఫిన్లే, స్టూవర్ట్ టర్వే బృందం 2015లో 319 మంది శిశువుల్ని పరీక్షించింది. ఉబ్బసం ముప్పు ఉన్న పిల్లల పొట్టల్లో తొలి వంద రోజుల్లో నాలుగు రకాల బ్యాక్టీరియా బాగా తక్కువగా ఉంది. 2021లో మరింత వెనక్కి వెళ్లారు. బిడ్డ పుట్టగానే నల్లగా, జిగటగా వెళ్లే తొలి విరేచనాన్ని పరీక్షించారు. అందులో రసాయనాల వైవిధ్యం తక్కువున్న పిల్లల్లో ఏడాదికల్లా అలర్జీ లక్షణాలు ఎక్కువ. ఈ వివరాలన్నీ కలిపి కంప్యూటర్‌తో లెక్క కట్టిస్తే దాదాపు 76 శాతం కచ్చితత్వం వచ్చింది. ఆశ కలిగించే అంకెే. అయితే పరీక్షించింది వందమంది పిల్లల్నే. ఆసుపత్రికి వెళ్లి చేయించుకునే పరీక్షగా మారడానికి ఇది చాలదు.

మన సంగతి...

ఈ బ్యాక్టీరియా కథలో తెలుగువాళ్లు శ్రద్ధగా వినాల్సిన భాగం ఒకటుంది. సహజ కాన్పులో బిడ్డకు తొలి బ్యాక్టీరియా తల్లి నుంచే అందుతుంది. సిజేరియన్ అయితే ఆ అవకాశం తగ్గిపోతుంది. సిజేరియన్ పిల్లల్లో ఉబ్బసం ముప్పు సుమారు ఐదోవంతు ఎక్కువని అనేక అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు తేలింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సిజేరియన్లు 21.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణలో ఏకంగా 60.7 శాతం. దేశంలో అదే అత్యధికం!

సిజేరియన్ అయిన తల్లులు దిగులుపడనక్కర్లేదు. తల్లీబిడ్డల ప్రాణాలకోసం చేసే ఆపరేషన్‌కి తిరుగులేదు. పైగా, 2020లో డెన్మార్క్ పరిశోధకులు చల్లటి కబురు చెప్పారు. సిజేరియన్ పిల్లలే అయినా ఏడాది నిండేసరికి పొట్టలో బ్యాక్టీరియా తగినట్టుగా వృద్ధి చెందితే ఉబ్బసం ముప్పు పెరగడం లేదట. ముహూర్తం కోసమో నొప్పుల భయంతోనో కత్తి పెట్టించుకునేముందు మాత్రం ఈ అంకెలు ఓసారి గుర్తుచేసుకోవాలి.

యాంటీబయోటిక్స్ సంగతీ అంతే. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పసిపిల్లలకు అనవసరంగా వాటిని రాయడం తగ్గించారు. 2000 నుంచి 2014 లోపు ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో కొత్తగా వచ్చే ఉబ్బసం కేసులు 26 శాతం తగ్గాయి. మామూలు జలుబుకు మందులషాపులో అడిగి సీసా తెచ్చి పట్టించే అలవాటు మనకుంది. మానాల్సింది దాన్నే.

తెలిస్తే ఏం లాభం?

ముప్పుందని ముందే తెలుసుకుని చేయగలిగిందేమీ లేకపోతే ఆ జోస్యం దిగులు పెంచడానికే పనికొస్తుంది. పైగా తొందరపడి చేసే జాగ్రత్తలు ఎదురుతిరుగుతాయి కూడా. 2000లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం, అలర్జీ ముప్పున్న పిల్లలకు మూడేళ్లు నిండేదాకా పల్లీలు పెట్టొద్దంది. అప్పుడు లండన్‌లో గిడియన్ ల్యాక్ అనే వైద్యుడికి ఓ అనుమానమొచ్చింది. లండన్‌లోని యూదు పిల్లలకు ఇజ్రాయెల్ పిల్లలకంటే పదిరెట్లు ఎక్కువగా పల్లీ అలర్జీ ఉంది. ఎందుకు? ఇజ్రాయెల్‌లో చంటిపిల్లలు ‘బాంబా’ అనే పల్లీల చిరుతిండి తింటూ పెరుగుతారు!

తీవ్రమైన ఎగ్జిమా లేదా గుడ్డు అలర్జీ ఉన్న 640 మంది పసివాళ్లతో ఆయన ప్రయోగం చేశాడు. సగంమందికి పల్లీ పదార్థాలు పెట్టారు, సగంమందికి దూరంగా ఉంచారు. ఐదేళ్లు వచ్చేసరికి, దూరంగా ఉంచినవాళ్లలో 17 శాతానికి పైగా పల్లీ అలర్జీ. తిన్నవాళ్లలో 3 శాతమే. 2015లో ఈ ఫలితం రాగానే ప్రపంచమంతా సలహా తిరగరాసుకుంది. ముప్పున్న పిల్లల్ని ముందే గుర్తించడం వల్ల కలిగిన నిజమైన లాభమిది.

అన్నీ ఇలా ఫలించలేదు. పుట్టినప్పటి నుంచి రోజూ ఒంటికి మాయిశ్చరైజర్ రాస్తే ఎగ్జిమా రాదేమోనని బ్రిటన్‌లో 1,394 మంది శిశువులతో ప్రయత్నించారు. ఉపయోగం లేదని 2020లో తేలిపోయింది. డెన్మార్క్‌లో గర్భిణులకు చివరి మూడు నెలలూ చేపనూనె ఇస్తే పిల్లల్లో ఉబ్బసం, విడవని పిల్లికూతలు 23.7 నుంచి 16.9 శాతానికి తగ్గాయి. అది 2016 నాటి మాట. అందరికీ ఇవ్వాలనడానికి ఇంకా రుజువులు కావాలి.

మీ ఇంట్లో...

* పొగ ఏదైనా పొగే. సిగరెట్, బీడీ, కట్టెలపొయ్యి, మస్కిటో కాయిల్, అగరొత్తులు... ఏదీ పసిఊపిరికి మంచిది కాదు. తలంటాక సాంబ్రాణి వేయడం మన ఆచారమే. కానీ అమ్మమ్మకు నచ్చజెప్పి పొడి తువ్వాలుతో తుడిచి సరిపెట్టండి. దోమలకు తెర కట్టండి.

* ఆరునెలలూ తల్లిపాలే. బిడ్డకు అలర్జీ వస్తుందేమోనని గర్భిణి, బాలింత పాలూ గుడ్లూ మానేయక్కర్లేదు. ఆ పథ్యం వల్ల లాభం లేదని తేలింది.

* అన్నప్రాశన తర్వాత గుడ్డు, పల్లీలు వంటివి ‘పడవేమో’ అని వాయిదా వేయొద్దు. ఒక్కొక్కటీ కొంచెంకొంచెంగా అలవాటు చేయండి. పల్లీలను మెత్తటి ముద్దగా చేసి జావలో కలిపే పెట్టాలి. గింజలు గొంతులో అడ్డం పడతాయి, జాగ్రత్త. తీవ్రమైన ఎగ్జిమా ఉన్న పిల్లలకైతే వైద్యుణ్ని అడిగాకే.

* జలుబు చేసిన ప్రతిసారీ యాంటీబయోటిక్ అడగొద్దు.

పిల్లికూతలన్నీ ఉబ్బసం కాదు

అమెరికాలోని టూసాన్‌లో 1980 నుంచి పన్నెండు వందలమందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచీ గమనిస్తూ వచ్చారు. ఆరేళ్లలోపు దాదాపు సగంమందికి ఎప్పుడో ఒకప్పుడు పిల్లికూతలు వచ్చాయి. విడవకుండా కొనసాగింది మాత్రం సుమారు 14 శాతానికే. ఆ అనుభవంతో 2000లో ఓ చిట్టా తయారుచేశారు. మూడేళ్లలోపు పిల్లికూతలు తరచూ వస్తుంటే వైద్యులు ఇవి చూస్తారు:

పెద్ద గుర్తులు: అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉండటం, బిడ్డకు ఎగ్జిమా ఉండటం.

చిన్న గుర్తులు: జలుబు లేకుండానే పిల్లికూతలు; అలర్జీ వల్ల ముక్కు కారడం; రక్తంలో ఇసినోఫిల్ కణాలు 4 శాతం లేదా అంతకు మించి ఉండటం.

పెద్దగుర్తు ఒకటైనా, చిన్నగుర్తులు రెండైనా ఉంటే బడి వయసులో ఉబ్బసం వచ్చే అవకాశం కొన్ని రెట్లు ఎక్కువ. లేకపోతే నూటికి తొంభై అయిదుమంది పిల్లలు బయటపడ్డట్టే. ‘రాదు’ అని చెప్పడంలోనే ఈ చిట్టాకు గురి ఎక్కువ. ఇసినోఫిల్స్ కడుపులో నులిపురుగులున్నా పెరుగుతాయి. కాబట్టి మన పిల్లల్లో ఆ ఒక్క అంకె చూసి కంగారుపడకూడదు.

యాభై ఏళ్ల పరిశోధన తర్వాత కూడా పుట్టినరోజే ఉబ్బసాన్ని ఖాయంగా చెప్పగల పరీక్ష ఏదీ ఆసుపత్రుల్లోకి రాలేదు. కాబట్టి చిన్న పని ఒకటి చేయండి. రెండువైపులా ఎవరెవరికి ఆయాసం, తుమ్ములు, ఎగ్జిమా, పడని పదార్థాలు ఉన్నాయో కాగితం మీద రాసి, బిడ్డను టీకాలకు తీసుకెళ్లినప్పుడు డాక్టరుకివ్వండి. ఎప్పుడో పోయిన ముత్తాత గురించి కాదు, అమ్మ, నాన్న, అన్నలూ అక్కల గురించి ముందు రాయండి. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. సూది గుచ్చక్కర్లేదు. ఆ తర్వాత వచ్చిన పరీక్షల్లో ఏదీ దీన్ని పక్కకు నెట్టలేకపోయింది.